ఇద్దరు రాజులు - ఒక ఖాతా
(కంప్యూటర్ భాండాగారంలో అందరికీ ఒకేసారి ఖాతాలు తెరవడం ఎలా?)



ప్రతి ఏడూ వార్షికోత్సవ సంచికలో మన జ్ఞాపకాలు రాసుకుంటూనే ఉన్నాం. నీళ్ల పప్పుచారు గురించి రాశాం. వానాకాలం కారే పైకప్పు గురించి, తెల్లవారుజామున స్టడీ అవర్లో కునికిపాట్ల గురించి కూడా రాశాం. ఈసారి సంపాదక వర్గం వారు "మీరు చేసే పనిలో పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అని అడిగారు. మాలో నలుగురం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నాం. అందుకని మన హాస్టల్లోనే మేము చేసిన ఒక పనిని, అందులో మేము చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ వివరిస్తున్నాం.

సెలవుల్లో వచ్చినప్పుడు మేమంతా కలిసి స్టడీ హాల్లో ఒక పాత కంప్యూటర్ పెట్టాం. పాత ప్రశ్నపత్రాలు, సీనియర్ల నోట్సులు స్కాన్ చేసి అందులో దాచాం. ప్రతి విద్యార్థికీ విడిగా ఒక అర ఇచ్చాం. మార్కుల మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, స్టడీ సర్టిఫికెట్ల కాపీలు అందులో ఉంటాయి. స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టేటప్పుడు ఊరికి పరుగెత్తకుండా అక్కడే తీసుకోవచ్చు. ఎవరి అర వారే తెరవాలంటే ప్రతి ఒక్కరికీ ఒక ఖాతా ఉండాలి. వంద మందికి పైగా ఉన్న హాస్టల్లో ఒక్కొక్క ఖాతా చేత్తో తెరవడం ఎక్కడ కుదురుతుంది? చిన్న ప్రోగ్రాం రాసి, హాజరు పట్టీని దానికి అందించి, నిమిషంలో పని ముగించాం. గర్వంగా కూడా అనిపించింది.

ఆ సాయంత్రం అందరికీ చీటీలు పంచాం. చివరకు ఎనిమిదో తరగతి తమ్ముడొకడు మిగిలిపోయాడు. "అన్నా, నా పేరు రాలేదు" అన్నాడు. ప్రోగ్రాం రాసిన చిట్టా తీసి చూస్తే అతని పేరు ఎదురుగా "ఇప్పటికే ఉంది" అని ఉంది. పదో తరగతిలో ఒక ఎం. రాజు, ఎనిమిదో తరగతిలో ఇంకొక ఎం. రాజు. మేము పేరునే గుర్తుగా పెట్టాం. మా ప్రోగ్రాం లెక్కలో వాళ్లిద్దరూ ఒక్కరే. హాజరు పట్టీలో పేరు ఉంది, పళ్లెం ఉంది, ట్రంకు పెట్టె ఉంది. కంప్యూటర్లో మాత్రం ఆ పిల్లవాడు లేడు.

ఆ రాత్రి కూర్చుని మొత్తం మళ్లీ రాశాం. ఎలా రాశామో చెప్పే ముందు రెండు మాటలు అర్థం చేసుకోవాలి.

రిపాజిటరీ అంటే ఏమిటి?

కంటెంట్ రిపాజిటరీని తెలుగులో భాండాగారం అనుకోవచ్చు. కాగితాలు, బొమ్మలు, పాఠాలు ఏవైనా ఒక చెట్టు ఆకారంలో దాచే చోటు ఇది. మొదలు ఒకటే. దాని నుంచి కొమ్మలు, కొమ్మకు రెమ్మలు ఉంటాయి. ఒక్కొక్క కొమ్మను నోడ్ అంటారు. నోడ్ మీద రాసిన వివరాలను ప్రాపర్టీలు అంటారు. మన దాంట్లో "పాఠాలు" ఒక నోడ్, దాని కింద "గణితం", దాని కింద ఒక్కో ఏడాది ప్రశ్నపత్రం.

జావా భాషలో ఇలాంటి భాండాగారాలు అన్నీ ఒకే పద్ధతిలో పలకాలని ఒక ప్రమాణం తయారైంది. దాని పేరు జేసీఆర్. మొదటి ప్రమాణం జేఎస్‌ఆర్-170 పేరుతో 2005లో, రెండోది జేఎస్‌ఆర్-283 పేరుతో 2009లో వచ్చాయి. ఈ పనికి ముందు నిలిచింది స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరానికి చెందిన డే సాఫ్ట్‌వేర్ అనే సంస్థ. 2010లో దాన్ని అడోబీ కొనుక్కుంది. ఈ ప్రమాణం ప్రకారం అపాచీ సంస్థ వారు ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ జాక్‌రాబిట్. దాని తర్వాతి తరం ఓక్. మేము వాడింది ఇదే. అడోబీ వారి ఎక్స్‌పీరియన్స్ మేనేజర్ లోపల ఉన్నది కూడా ఈ ఓకే. హైదరాబాదులో, బెంగళూరులో మనవాళ్లు కొందరు ఆ పని మీదే బతుకుతున్నారు. అంటే స్టడీ హాల్ మూలన ఉన్న పాత కంప్యూటర్ మీద నేర్చుకున్నది రేపు కూడు పెట్టే విద్యే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. లోపలికి ఎలా రావాలో జేసీఆర్ ప్రమాణం చెబుతుంది. ఏ నోడ్ మీద ఎవరికి ఏ హక్కు ఇవ్వాలో కూడా 2009 ప్రమాణంలో ఉంది. కానీ కొత్త మనిషికి ఖాతా ఎలా తెరవాలో అందులో లేదు. ఆ పని ఒక్కో సాఫ్ట్‌వేర్ తన సొంత పద్ధతిలో చేసుకుంటుంది. జాక్‌రాబిట్‌లో దానికి యూజర్‌మేనేజర్ అనే భాగం ఉంది. మొదటిసారి చేసేవాళ్లు ప్రమాణం పుస్తకమంతా వెతికి, ఖాతా తెరిచే మాట కనిపించక తికమకపడేది ఇక్కడే. మేమూ ఒక పూటంతా వెతికాం.

ఖాతా అంటే ఏమిటి?

మన ట్రంకు పెట్టెను గుర్తు చేసుకోండి. చేరిన రోజు నాన్న దాని మీద తెల్ల పెయింటుతో పేరు రాయించాడు. ఒక తాళం కొన్నాడు. తాళంచెవి మెడలో దారానికి కట్టాడు. ఖాతా కూడా అంతే. పెట్టె మీద పేరే యూజర్ ఐడీ. తాళంచెవే పాస్‌వర్డ్. ఆ పెట్టె ఏ గదిలో పెట్టుకోవచ్చు, ఏ గదికి వెళ్లవచ్చు అనేవే హక్కులు. ఈ మూడూ వేర్వేరు సంగతులు. మూడింటిలోనూ మేము తప్పు చేశాం.

ప్రోగ్రాం చేసే పని, వరుసగా

1. ముందు అడ్మిన్ పేరుతో లోపలికి రావాలి. ఇలా లోపలికి రావడాన్ని సెషన్ తెరవడం అంటారు. జాక్‌రాబిట్ పెట్టిన కొత్తలో అడ్మిన్ పేరూ "అడ్మిన్", పాస్‌వర్డూ "అడ్మిన్". ఈ సంగతి లోకమంతటికీ తెలుసు. కాబట్టి అన్నిటికంటే ముందు ఆ పాస్‌వర్డ్ మార్చాలి. దాన్ని ప్రోగ్రాంలో రాసి వదిలేయకూడదు. ప్రోగ్రాం నడిపేటప్పుడు మనిషి టైపు చేసేలా పెట్టుకోవాలి.

2. ఆ సెషన్‌ను జాక్‌రాబిట్‌సెషన్‌గా మార్చుకుని, దాన్ని యూజర్‌మేనేజర్ ఇమ్మని అడగాలి. ఈ పిలుపు పేరు గెట్‌యూజర్‌మేనేజర్.

3. విద్యార్థుల జాబితాలో ఒక్కో వరుస చదవాలి. ఆ ఐడీతో ఎవరైనా ఉన్నారా అని గెట్‌ఆథరైజబుల్ అనే పిలుపుతో అడగాలి. ఎవరూ లేకపోతే నల్, అంటే ఖాళీ, జవాబుగా వస్తుంది.

4. లేకపోతే క్రియేట్‌యూజర్ అని పిలిచి ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఖాతా తెరిచే అసలు పని ఈ ఒక్క వరుసే!

5. ఆ ఖాతా మీద పేరు, తరగతి, చేరిన సంవత్సరం సెట్‌ప్రాపర్టీతో రాయాలి.

6. విద్యార్థిని అతని గుంపులో చేర్చాలి. గుంపును గ్రూప్ అంటారు. చేర్చే పిలుపు యాడ్‌మెంబర్.

7. చివరగా సెషన్‌ను సేవ్ చేయాలి. ఓక్‌లో సేవ్ చేసేదాకా మనం చేసినదంతా పలక మీద బలపంతో రాసినట్టే. కరెంటు పోతే చెరిగిపోతుంది. పని అయ్యాక లాగౌట్ చేసి సెషన్ మూసేయాలి.

ప్రోగ్రాం ఇంతే. ఇంటర్ కంప్యూటర్ గ్రూపు తమ్ముళ్లు రెండు రోజుల్లో రాయగలరు. ఇక మిగిలినది ఆలోచన. మేము తప్పిందీ అక్కడే.

ఐడీగా ఏది పెట్టాలి?

పేరు పెట్టకూడదని రాజు మాకు నేర్పాడు. ఫోన్ నెంబరు పెడదామంటే చాలామంది ఇళ్లలో ఒకటే ఫోన్. అన్నదమ్ములిద్దరూ హాస్టల్లోనే ఉంటే ఇద్దరికీ అదే నెంబరు. రీఛార్జి లేక నెంబర్లు మారిపోతుంటాయి కూడా. ఆధార్ నెంబరు పెడదామని ఒకరన్నారు. పన్నెండు అంకెల ఆ నెంబరును చీటీల మీద రాసి పంచడం మంచిది కాదు. పిల్లవాడి సొంత వివరం తెర మీద నలుగురికీ ఎందుకు కనపడాలి?

చివరకు హాస్టల్ అడ్మిషన్ రిజిస్టరే దారి చూపింది. చేరిన సంవత్సరం, ఆ ఏడాది వరుస నెంబరు కలిపితే ఒక్కరికి ఒక్కటే వస్తుంది, ఎప్పటికీ మారదు. అందులోనూ ఒక చిక్కు వచ్చింది. రిజిస్టరును స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించినప్పుడు 041 అని కొడితే ముందున్న సున్నా మాయమై 41 అయింది. 5/12 అని కొడితే తేదీగా మారిపోయింది. ఆ గడులన్నిటినీ ముందుగా "టెక్స్ట్" అని మార్చి అప్పుడు టైపు చేయాలి.

పేర్లను తెలుగులో రాయాలనుకుంటే ఇంకొక జాగ్రత్త. మన పాత సంచికలు డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లతో కొట్టినవి. ఆ ఫైళ్లలో తెరకు తెలుగు కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల గుర్తులే. వాటి నుంచి పేర్లు కాపీ చేస్తే రిపాజిటరీలో గజిబిజి వస్తుంది. యూనికోడ్‌లో టైపు చేసి, ఫైలును యూటీఎఫ్-8గా దాచుకోవాలి. అప్పుడు మన పేరు మన అక్షరాల్లో కనిపిస్తుంది.

మరొక సంగతి. జాక్‌రాబిట్‌లో మనుషుల ఐడీలు, గుంపుల ఐడీలు ఒకే వరుసలో ఉంటాయి. ఒక గుంపుకు పెట్టిన పేరు మళ్లీ మనిషికి పెట్టడం కుదరదు. కాబట్టి గుంపుల పేర్ల ముందు "గుంపు" అని ఒక ముక్క తగిలించాం.

"ఇప్పటికే ఉంది" అంటే రెండు అర్థాలు

ఈ వ్యాసంలో ఒక్కటి గుర్తు పెట్టుకోమంటే దీన్నే గుర్తు పెట్టుకోమంటాం.

ప్రోగ్రాం సగంలో ఉండగా కరెంటు పోయిందనుకోండి. మళ్లీ మొదటి నుంచి నడుపుతాం. అప్పుడు కొందరికి ఖాతాలు ముందే ఉంటాయి. వాళ్లను వదిలేసి మిగతావాళ్లకు తెరవాలి. అందుకే అందరూ "ఉంటే దాటెయ్" అని రాస్తారు. మేమూ అలాగే రాశాం. ఒకసారి తెరిచిన అదే పిల్లవాడు మళ్లీ ఎదురైతే దాటెయ్యడం సరైనదే. కానీ అదే ఐడీతో వేరే పిల్లవాడు వస్తే? అప్పుడు దాటేస్తే ఒక మనిషిని వదిలేసినట్టు. ప్రోగ్రాంకు ఈ తేడా తెలియదు. మనమే చెప్పాలి.

ఇప్పుడు మా ప్రోగ్రాం ఐడీ ఉందని తెలియగానే ఆగి, లోపల రాసిపెట్టిన పేరు, తరగతి, చేరిన సంవత్సరం జాబితాతో సరిపోల్చుతుంది. అన్నీ కలిస్తే దాటుతుంది. ఒక్కటి తేడా వచ్చినా ఆ వరుసను వేరే కాగితంలో రాస్తుంది. ఆ కాగితాన్ని మనిషి చదవాలి. ఒక్కొక్కరి ఖాతా పూర్తి కాగానే సేవ్ చేస్తుంది కాబట్టి, మధ్యలో ఆగినా అప్పటిదాకా అయినవి భద్రంగా ఉంటాయి.

ఆఖరున ఒక లెక్క చూసుకుంటాం. రిజిస్టరులో ఎంతమంది? ఖాతాలు ఎన్ని? రాత్రి అన్నానికి ముందు వార్డెన్ గారు తలలు లెక్కపెట్టినట్టే. ఆ రోజు ఈ లెక్క చూసి ఉంటే ఒకటి తక్కువైందని మాకే తెలిసేది. రాజు నోరు తెరిచి అడగాల్సిన అవసరం ఉండేది కాదు. నోరు తెరవని పిల్లవాడైతే ఏమయ్యేది?

తాళంచెవి సంగతి

రెండో తప్పు ఇంకా పెద్దది. తొందరలో అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చాం. హాస్టల్ పేరు, వెనక 123. "తర్వాత మార్చుకోండి" అన్నాం. ఎవరూ మార్చుకోలేదు. వారం తిరక్కుండా ఒకరి అర ఇంకొకరు తెరిచారు. ఒక తమ్ముడి దరఖాస్తులో ఇంటి సంగతి ఒకటి ఉంది. అది నలుగురి నోట్లో పడింది. తర్వాత కొన్నాళ్లు ఆ పిల్లవాడు కంప్యూటర్ వైపు రాలేదు. పిల్లలది ఆకతాయితనం. తప్పు మాత్రం మాదే. ఒకే తాళంచెవితో అందరి పెట్టెలూ తెరుచుకునేలా చేసింది మేమే.

ఇప్పుడు ఒక్కొక్కరికి వేర్వేరు పాస్‌వర్డ్ ప్రోగ్రామే తయారు చేస్తుంది. జావాలో దీనికి సెక్యూర్‌రాండమ్ వాడాలి. మామూలు రాండమ్ ఇచ్చే వరుసను ఊహించవచ్చు. సున్నాకు, ఓ అక్షరానికి తేడా తెలియక పిల్లలు ఇబ్బంది పడతారు కాబట్టి అలాంటి అక్షరాలు తీసేశాం. చీటీలు ప్రింటు తీసి, కత్తెరతో విడదీసి, ఎవరి చీటీ వారి చేతికే ఇచ్చాం. పాస్‌వర్డ్‌లు ఉన్న ఫైలును తర్వాత చెరిపేశాం. ప్రోగ్రాం రాసే చిట్టాలో పాస్‌వర్డ్ ఎప్పుడూ రాయకూడదు. మొదటిసారి లోపలికి రాగానే పాస్‌వర్డ్ మార్చుకుని తీరాలని ఓక్‌లో ఒక ఏర్పాటు ఉంది. దాన్ని పెట్టుకోవాలి.

"మరి అడ్మిన్ అన్నకు మా పాస్‌వర్డ్ కనిపిస్తుందా?" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. కనిపించదు. రిపాజిటరీ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచదు. దానికి ఉప్పు లాంటి ఒక యాదృచ్ఛిక ముక్క కలిపి రుబ్బి ఆ పిండిని దాస్తుంది. నిజంగానే ఆ ముక్కను సాల్ట్ అనే పిలుస్తారు. ఓక్‌లో మామూలుగా ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో వెయ్యిసార్లు రుబ్బుతుంది. పిండి నుంచి మళ్లీ బియ్యం రావు కదా! ఉప్పు వేర్వేరు కాబట్టి ఇద్దరికి ఒకే పాస్‌వర్డ్ ఉన్నా పిండి ఒకేలా ఉండదు. మరిచిపోతే అడ్మిన్ కొత్తది పెట్టగలడు, పాతది చెప్పలేడు. అయితే అడ్మిన్‌కు అన్ని అరలూ తెరిచే హక్కు ఉంటుంది. అందుకే ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో పెద్దలు కూర్చుని నిర్ణయించాలి.

ఏ గదికి ఎవరు?

జాక్‌రాబిట్‌లో "ఎవరీవన్" అనే పేరు ఒకటి ఉంది. దానికి ఇచ్చిన హక్కు అందరికీ ఇచ్చినట్టే. ఖాతా లేకుండా అనామకంగా వచ్చినవాడికి కూడా! పైన ఇచ్చిన హక్కు కింద ఉన్న కొమ్మలన్నిటికీ పారుతుంది. మేము పని తేలికవుతుందని చెట్టు మొదట్లోనే ఎవరీవన్‌కు చదివే హక్కు ఇచ్చాం. పాఠాలతో పాటు అందరి సర్టిఫికెట్లూ అందరికీ తెరుచుకున్నాయి. ఇప్పుడు "పాఠాలు" కొమ్మకు మాత్రం విద్యార్థుల గుంపుకు చదివే హక్కు ఇచ్చాం. ఒక్కొక్క అరకు ఆ ఒక్క విద్యార్థికే హక్కు. పాఠాల విషయంలో హక్కులు ఎప్పుడూ గుంపుకు ఇవ్వడమే మేలు. తరగతి మారినప్పుడు మనిషిని ఒక గుంపులో నుంచి తీసి ఇంకో గుంపులో వేస్తే సరిపోతుంది.

హక్కులు ఇచ్చాక అడ్మిన్‌గా చూసి "బాగుంది" అనుకోకూడదు. ఒక విద్యార్థి ఖాతాతో లోపలికి వచ్చి, పక్కవాడి అర తెరవడానికి ప్రయత్నించాలి. తెరుచుకోకపోతేనే పని పూర్తయినట్టు.

వెళ్లిపోయినవారి ఖాతా

పదో తరగతి పాసై వెళ్లినవారి ఖాతా ఏం చేయాలి? తీసేయడం సులువే. కానీ ఓక్‌లో మనిషిని తీసేసినా, నోడ్‌ల మీద అతని పేరుతో రాసిన హక్కులు అలాగే మిగిలి ఉంటాయి. తర్వాత అదే పేరుతో ఇంకొకరికి ఖాతా తెరిస్తే పాతవాడి అరలు కొత్తవాడికి తెరుచుకుంటాయి. తాళం మార్చకుండా పాత పెట్టెను ఇంకొకరికి ఇచ్చినట్టు. అందుకే మేము తీసేయడం లేదు. డిసేబుల్ అనే పిలుపుతో, కారణం రాసి, ఖాతాను నిలిపేస్తున్నాం. సర్టిఫికెట్లు కావాలని ఎప్పుడైనా వస్తే మళ్లీ తెరుస్తాం. ఒకసారి ఇచ్చిన ఐడీ ఇంకెవరికీ ఇవ్వం.

తమ్ముళ్లకు ఒక మాట

మనలో చాలామందికి ఖాతా అంటే ఇంకొకరు తెరిచి ఇచ్చేదే. మాలో ఒకరి స్కాలర్‌షిప్ దరఖాస్తును ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో నింపించారు. పాస్‌వర్డ్ ఆ సెంటర్ అతనే పెట్టాడు, ఫోన్ నెంబరు తనదే ఇచ్చాడు. అందులో తప్పు దిద్దుకోవాల్సి వచ్చేసరికి సెంటర్ మూసేసి అతను ఎటో వెళ్లిపోయాడు. ఆ ఏడాది ఫీజు కోసం మా మిత్రుడి తల్లి చెవికమ్మలు తాకట్టు పెట్టింది. కాబట్టి మీ ఖాతా మీ పేరుతో, మీ పాస్‌వర్డ్‌తో ఉందో లేదో చూసుకోండి. ఎవరు నింపినా పాస్‌వర్డ్ మీరే టైపు చేయండి.

రేపు మీలో కొందరు ఇలాంటి ప్రోగ్రాములు రాస్తారు. మీ ముందు వేల పేర్ల జాబితా ఉంటుంది. మీకు అది ఒక వరుస. అవతల ఉన్నది చీటీ కోసం చివరిదాకా నిలబడ్డ పిల్లవాడు. వరుస దాటేటప్పుడు అతన్ని తలచుకోండి.

రాజుకు ఆ మర్నాడే ఖాతా వచ్చింది. ఇప్పుడు కొత్తగా చేరినవారికి ఖాతాలు తెరిచే ప్రోగ్రాం నడిపేది అతనే. ముందు రిజిస్టరు లెక్క, తర్వాత ఖాతాల లెక్క చూడనిదే కుర్చీలోంచి లేవడు. ఈ దసరా సెలవుల్లో మేము మళ్లీ వస్తున్నాం. నేర్చుకోవాలనుకున్నవారు పేర్లు ఇవ్వండి. ఇంటిపేరు పూర్తిగా రాయడం మరవకండి!

- పూర్వ విద్యార్థుల కంప్యూటర్ బృందం